నాటకాన్ని తెరకెక్కించే ముందు

సంపాదకులకు నమస్కారం.

పాత నాటకాన్ని సినిమాగా తీస్తామనే మన ఊరి కుర్రాళ్లకు ఒక మాట. 1909 నాటి ‘కన్యాశుల్కం’ ఏడంకాలది; 1955లో సినిమా తీసినప్పుడు కుదించక తప్పలేదు. అయితే కత్తిరింపు కన్నా స్వగతాలతోనే అసలు చిక్కు. వేదిక మీద పక్కకి తిరిగి చెప్పే మాట కెమెరా ముందు తేలిపోతుంది. సగం మాటలు తీసేసి, ఆ భావాన్ని ముఖం మీద క్లోజప్‌లో పట్టాలి. గురజాడ కళాక్షేత్రంలో ఆఖరి వరసకి వినబడాలని ఎత్తే గొంతు, మైకు అడుగు దూరంలో ఉంటే ఉత్త అరుపే. పద్యం ఇంకో తంటా: నాలుగు నిమిషాలు రాగం తీస్తే షాట్ చచ్చిపోతుంది. ఎత్తుగడ ఉంచి, ఆలాపన తగ్గించండి. యాస జోలికి మాత్రం పోకండి. గిరీశం ఇంగ్లీషు ముక్కలు తీసేస్తే ఇంక గిరీశమెక్కడ?

— రంగస్థల మిత్రులు, విశాఖపట్నం