టిక్ టిక్ మంటే కేబుల్ పీకేయండి

సంపాదకులకు నమస్కారం.

ముహూర్తాల సీజన్ ముగిసేసరికి ఏదో ఒక ఊళ్లో పెళ్లివారికీ స్టూడియోకూ తగవు తప్పడం లేదు. ‘‘హార్డ్ డిస్క్ పోయింది, మేమేం చేస్తాం’’ అని వీళ్లు, ‘‘తలంబ్రాలు మళ్లీ పోయిస్తారా’’ అని వాళ్లు. నిజానికి ఎడిటింగ్ మధ్యలో ఎక్స్‌టర్నల్ డిస్క్ మొరాయించినప్పుడు అందులోని ఫుటేజ్ చాలాసార్లు ఇంకా పోయి ఉండదు. ఆ తర్వాత గంటసేపు కంగారులో చేసే పనులే దాన్ని చంపేస్తాయి. ఆ గంట గురించే ఈ ఉత్తరం.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన ప్రీమియర్‌లో ఎర్రటి ‘మీడియా ఆఫ్‌లైన్’ తెర రాగానే సాఫ్ట్‌వేర్ మూసేయకండి. ప్రాజెక్ట్ ఫైల్ కూడా ఆ డిస్క్‌లోనే ఉన్నా, కట్ చేసిన పని కంప్యూటర్ మెమరీలో ఉంటుంది. ‘సేవ్ యాజ్’ నొక్కి కంప్యూటర్ లోపలి డిస్క్‌లోకి దాచుకోవాలి. నాలుగు రోజుల కూర్పు అలా దక్కుతుంది.

తర్వాత డిస్క్‌ను బల్ల మీద నుంచి కదపకుండా, చెవి దగ్గరగా పెట్టి వినాలి. మామూలుగా తిరుగుతూనే కంప్యూటర్‌కు కనబడకపోతే మొదటి అనుమానం కేబుల్ మీద. వెడల్పాటి మైక్రో-బి పిన్ పదేపదే పీకి పెట్టడం వల్ల వదులవుతుంది. పొట్టి కేబుల్ మార్చి, హబ్ తీసేసి, సీపీయూ వెనక పోర్టుకు నేరుగా తగిలించి చూడాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంప్సే, 3.0 అయితే 900. సన్నటి పొడుగు కేబుల్ మీద చిన్న డిస్క్ మోటారుకు ఒక్కోసారి కరెంటు చాలదు. తిరగకుండా కీచుమంటుంటే అదే కారణం కావచ్చు, లేదా డేటా చదివే హెడ్, డేటా ఉండే గుండ్రటి పళ్లెం (ప్లాటర్)కు అతుక్కుపోయి ఉండవచ్చు. పోర్టు మార్చినా అదే మోతయితే అక్కడితో ఆపాలి.

టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే ఇంకేమీ ఆలోచించకుండా కేబుల్ పీకేయాలి. చాలాసార్లు హెడ్లు దెబ్బతిన్నాయన్నమాట. అవి ప్లాటర్‌కు కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటాయి. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని ఆన్ చేసిన ప్రతిసారీ గీతలు పడి, క్లీన్ రూమ్ (ధూళి లేని గది) ఉన్న ల్యాబ్ కూడా తీయలేని స్థితికి డిస్క్ చేరవచ్చు. మూత విప్పి చూడటం అంతకంటే ఘోరం. ఒక్క ధూళి రేణువు చాలు.

మనం చేయగలిగింది ఎక్కువగా ఉండేది మూడో రకంతో. ఫోల్డర్లు కనబడతాయి, క్లిప్ తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 అంకెల ఎదుట సున్నా కాకుండా ఏదో కనిపిస్తుంది. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు, అంటే డిస్క్ మీది చిన్న చిన్న గడులు. ఇక్కడ అందరూ చేసే తప్పు, ఫోల్డర్లను లాగి పక్క డిస్క్‌లో పడేయడం. విండోస్ చెడ్డ సెక్టార్ దగ్గర ఆగి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అసలే నీరసించిన హెడ్ ఆ పోరులోనే చచ్చిపోతుంది.

చేయాల్సింది ముందు డిస్క్ మొత్తానికీ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయడం. పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్ బదులు నడిచే లినక్స్) వేసి, దాని నుంచే కంప్యూటర్ బూట్ చేసి, ఉచితంగా దొరికే గ్నూ డీడీరెస్క్యూ నడపాలి. అది చెడ్డచోట్లను దాటేసి మంచివన్నీ ముందు లాక్కుంటుంది, మిగిలినవాటిని చివర గోకుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉబుంటు సొంత ఫోల్డర్లలో పెట్టినవి కంప్యూటర్ ఆగితే చెరిగిపోతాయి కాబట్టి, ఆ ఫైల్‌ను అక్కడ మాత్రం పెట్టకండి. 1 టీబీ డిస్క్‌కు 2 టీబీ ఖాళీ డిస్క్ ఉంచుకోవాలి. ఏది పాతదో ఏది కొత్తదో సీరియల్ నంబరు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పెళ్లి మీద కూర్చుంటుంది. సెకనుకు 100 ఎంబీ చొప్పున ఆరోగ్యంగా ఉన్న టీబీకి మూడు గంటల లోపే చాలు, దెబ్బతిన్నదానికి రోజులు పట్టవచ్చు. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టండి. మధ్యలో టిక్ టిక్ మొదలైతే ఆపి ల్యాబ్‌కు పంపడమే.

‘ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగితే క్యాన్సిల్. డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ పనిముట్టు చెక్‌డిస్క్ కూడా వద్దు. అది చెడిపోతున్న డిస్క్ మీదే మార్పులు రాస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టమనే చిట్కా ఇంకా చెలామణీలో ఉంది, లోపల తేమ పట్టించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. డిస్క్ కింద ఉండే సర్క్యూట్ బోర్డు మార్చినా లాభం ఉండకపోవచ్చు. ఆ డిస్క్‌కు మాత్రమే చెందిన సర్దుబాట్లు బోర్డు మీది రోమ్ అనే చిప్‌లో ఉంటాయి, దాన్ని కూడా మార్చి అతికించాలి. డబ్బాలోంచి తీసి, కంప్యూటర్ లోపలి డిస్క్‌లకు వాడే సాటా కేబుల్ పెడదామంటే, కొన్ని మోడళ్లలో యూఎస్‌బీ పిన్ నేరుగా బోర్డుకే ఉంటుంది.

రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇమేజ్ మీదే నడపాలి. పాత డైరెక్టరీని చదివి ఫైళ్ల పేర్లతో సహా తీసే డీఎండీఈ, ఆర్-స్టూడియో లాంటివి ముందు. ఫోటోరెక్ ఆఖరున, ఎందుకంటే అది పేర్లు పోగొడుతుంది, పేర్లు లేకపోతే ప్రాజెక్ట్ ఫైల్ క్లిప్‌లను గుర్తుపట్టదు. వచ్చిన ఎంపీ4 తెరుచుకోకపోతే, చాలా కెమెరాలు చివర్లో రాసే ‘మూవ్’ అనే సూచిక భాగం తెగిపోయి ఉండవచ్చు. అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌లో తీసిన మంచి క్లిప్ ఒకటి ఇస్తే అన్‌ట్రంక్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని తిరిగి కట్టే అవకాశం ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా తయారుచేసుకునే క్యాష్, ప్రివ్యూ ఫైళ్ల కోసం సమయం వృథా చేయకండి, అవి మళ్లీ పుడతాయి.

అసలు మొదట వెతకాల్సింది కెమెరా కార్డుల్లో. కార్డు ఫార్మాట్ చేసినా, మళ్లీ షూట్ చేయకపోతే చాలాసార్లు ఫుటేజ్ దొరుకుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 810 జీబీ. అన్ని కార్డులు పక్కన పెట్టడం స్టూడియోకు బరువే, అందుకే మర్నాటి రిసెప్షన్‌కు అవే కార్డులు మళ్లీ ఎక్కుతున్నాయి. కాబట్టి పెళ్లివారికి ఒక మనవి: అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే రసీదు మీద ‘ఫుటేజ్ రెండు వేర్వేరు డిస్క్‌ల్లోకి ఎక్కి, రెండూ తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయము’ అని రాయించుకోండి. రెండో డిస్క్ ఖర్చు అవసరమైతే మీరే ఇవ్వండి, పని అయ్యాక అది మీ ఇంటికే వస్తుంది.

— ఒక వీడియో ఎడిటర్, విజయవాడ