పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని వినండి

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఈ నెల ఉత్తరంలో ఒక్క విషయమే రాస్తున్నాను. మన పిల్లల ఇంగ్లీష్ చదువుకి ఇంట్లో ఉన్న ఫోన్, ఇంటర్నెట్ ఎలా పనికొస్తాయన్నది.

కిందటి వారం ఆరో తరగతిలో కూర్చుని పిల్లల చేత ఇంగ్లీష్ పాఠం చదివించాను. ఒక అబ్బాయి ఎక్కడా తడబడకుండా గడగడా చదివేశాడు. సంతోషంగా పుస్తకం చేతిలోకి తీసుకుని చూస్తే, ప్రతి మాట మీదా పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసి ఉంది. వాడు చదివింది తెలుగు! పెన్సిల్ రాతలు లేని పేజీ తీసి ఇస్తే రెండో మాట దగ్గరే ఆగిపోయాడు. వాణ్ణి నేనేమీ అనలేదు. నేర్చుకోవాలన్న పట్టుదల లేని పిల్లాడు అంత ఓపిగ్గా రాసుకోడు. కానీ ఆ రాతలు ఉన్నంతకాలం కన్ను కింది ఇంగ్లీష్ అక్షరాల మీదికి దిగదు.

దీనికి చాలావరకు ఇంగ్లీష్ లిపే కారణం. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ వచ్చేస్తే, ఎన్నడూ చూడని మాటనైనా కూడబలుక్కుని చదివేయొచ్చు. ఇంగ్లీష్‌లో 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులు పలకాలి. 'నైట్' అన్న మాటకు ముందు 'కె' ఉంటే యోధుడు, లేకపోతే రాత్రి. పలకడం మాత్రం రెండూ ఒకటే. ఒకప్పుడు ఆ 'కె'ని నిజంగానే పలికేవారు. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి, జనం పలికే తీరు మాత్రం మారుతూ పోయింది. అందుకే ఈ భాషలో మాటను కంటితో చూస్తూ అదే సమయంలో చెవితో వినాలి, అదీ చాలాసార్లు. తరగతి నిండా పిల్లలున్నప్పుడు టీచర్ ఒక్కొక్కరి పక్కన కూర్చుని అలా వినిపించలేరు. ఆ పని ఇంటర్నెట్ చేయగలదు.

ఎక్కడ మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు. చిన్న తరగతుల పిల్లలకు నేను మొదట చెప్పేది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన ఈ వేదికలో బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మొదటి స్థాయి కథల్లో పేజీకి చాలా కొద్ది మాటలే ఉంటాయి. కొన్ని కథలకు ఆడియో కూడా ఉంది. నాకు బాగా నచ్చినది ఏమిటంటే, చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ దొరుకుతాయి. ముందు తెలుగులో చదివించండి. కథ తెలిశాక ఇంగ్లీష్‌లో అదే కథ తీస్తే పిల్లలకు సగం టెన్షన్ తగ్గిపోతుంది. తెలుగు చక్కగా చదివే పిల్లలే ఇంగ్లీష్‌నూ తొందరగా పట్టుకోవడం నేను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. దయచేసి తెలుగు చదవడం మాన్పించకండి.

కథ స్థాయి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పేజీ పైకి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ కథ ప్రస్తుతానికి కష్టం, ఇంకా తేలికైనది తీయండి. చిన్నపిల్లల కథ ఇస్తే మా వాడికి నామోషీ అని కొందరు అంటారు. అర్థం కాని పెద్ద కథ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చోవడం కంటే ఇదే నయం.

ఇక చదివే పద్ధతి. మొదట ఆడియో వింటూ మాటల కింద వేలు జరపాలి. రెండోసారి ఆడియోతో పాటు తానూ పలకాలి. మూడోసారి ఆడియో ఆపేసి తానొక్కడే చదవాలి. వేగం ఎక్కువైతే ప్లేయర్ సెట్టింగ్స్‌లో 0.75కి తగ్గించుకోవచ్చు. చదివిందే మళ్ళీ ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. అమెరికా విద్యా పరిశోధకుడు జే శామ్యూల్స్ 1979లో ఈ మళ్ళీ మళ్ళీ చదివించే పద్ధతి గురించే రాశారు. చిన్న భాగం ధారాళంగా వచ్చాకే పిల్లల్ని కొత్త భాగానికి పంపేవారు. అలా చేస్తూ పోతే కొత్త భాగాన్ని మొదటిసారి చదివే వేగం కూడా పెరుగుతూ వచ్చిందని ఆయన గమనించారు. రోజుకు పది నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి.

"మాకు ఇంగ్లీష్ రాదు మేడమ్, మేమేం చెప్పగలం?" అని ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. మీరు చెప్పనక్కర్లేదు, వింటే చాలు. చదువు పూర్తయ్యాక "కథలో ఏం జరిగింది?" అని తెలుగులోనే అడగండి. జవాబు చెప్పగలిగితే అర్థమైనట్టే. తప్పు పలికిన ప్రతిచోటా ఆపకండి. వారానికోసారి మీ ఫోన్‌లో పిల్లల గొంతు రికార్డు చేసి దాచండి. నెల తర్వాత మొదటిదీ చివరిదీ వినిపిస్తే తేడా పిల్లలకే తెలుస్తుంది.

ఫోన్ చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్ళిపోతే మాత్రం పది నిమిషాల్లో కథ పోయి వీడియోలు వస్తాయి. అందుకే కథలు ముందే డౌన్‌లోడ్ చేసి, డేటా ఆపి ఇవ్వండి. ఫొటో తీస్తే పాఠమంతా తెలుగులోకి మార్చేసే యాప్‌లను పెద్దలు వాడుకోవచ్చు, పిల్లల చదివే సమయంలో వద్దు. అవీ పెన్సిల్ రాతల్లాంటివే.

ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్ళకు సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియా మంచిది. 2001లో మొదలైన ఈ వికీలో వ్యాసాలు తేలిక మాటల్లో, చిన్న వాక్యాల్లో ఉంటాయి. సైన్స్, సోషల్ పాఠాలకు సంబంధించిన వ్యాసం రోజుకొకటి చదవొచ్చు. వలంటీర్లు చదివి రికార్డు చేసిన పుస్తకాలు లిబ్రివాక్స్‌లో ఉచితంగా దొరుకుతాయి కానీ, ఎక్కువగా పాతకాలపు పుస్తకాలు కావడంతో భాష బరువుగా ఉంటుంది. బాగా చదవగలిగిన వాళ్ళకే ఇవ్వండి.

ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్ళు, ఫోన్ రాత్రికి గానీ ఇంటికి రానివాళ్ళు మనలో ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళ కోసం వచ్చే సోమవారం నుంచి స్కూల్ వదిలాక అరగంట పాటు కంప్యూటర్ గది తెరిచి ఉంచుతాం. హెడ్‌ఫోన్లు ఉంటాయి, ఒక టీచర్ దగ్గరుంటారు. కథలు ప్రింట్ తీసి కూడా ఇస్తాం. మీ పిల్లల పేరు క్లాస్ టీచర్‌కు ఈ శుక్రవారం లోపు చెప్పండి. చీటీ రాసి పంపినా సరిపోతుంది.

మీ,
ప్రధానోపాధ్యాయురాలు