డెక్సా సూదికి దిగేది జ్వరమే, వైరస్ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

నాట్లు మొదలయ్యాయంటే మా పరకాల చుట్టుపక్కల ఊళ్లలో జ్వరాలూ మొదలవుతాయి. కూలి పోతుందన్న టెన్షన్‌తో జనం ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే. పొద్దుగూకినాక ఊళ్లో దొరికేది ఆయనొక్కడే కాబట్టి వాళ్లను తప్పుపట్టను. నా బాధంతా మొదటి రోజే, రక్తపరీక్ష కూడా లేకుండా పడే డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) సూది గురించి. తెల్లారేసరికి జ్వరం దిగుతుంది, ఒళ్లునొప్పులు పోతాయి, ఆకలి కూడా అవుతుంది, ఇంకేం, 'ఆయన చెయ్యి మంచిది' అని పేరొస్తుంది.

లోపల జరిగేది వేరు. వాడకట్టులో దొంగ పడితే ఒక ఇంటివాళ్లు అరిచి మిగతా ఇళ్లను లేపినట్టు, వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను వదిలి పక్క కణాలను అప్రమత్తం చేస్తుంది. దీన్ని 1957లోనే కనిపెట్టారు. తెల్లరక్తకణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్లనే సంకేత ప్రొటీన్ల కబురు మెదడుకు అందితే అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారై ఒంటి వేడి పెరుగుతుంది, అంటే జ్వరం తెచ్చుకునేది మన ఒళ్లే. పారాసిటమాల్ ఆ చివరి మెట్టు దగ్గరే పనిచేస్తుంది. డెక్సా అట్లా కాదు, కణంలోకి పోయి ఈ సంకేతాలను తయారుచేయించే జన్యువులనే అణిచేస్తుంది. వైరస్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

డెంగీలో అయితే మరీ ప్రమాదం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగే సమయంలోనే కొందరికి రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) కారిపోవడం మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం లాంటివి కనిపెట్టుకుని ఉండాల్సిన టైమ్ అది, సూదితో ముందే హాయిగా అనిపించినవాళ్లు ఎక్కడ చూసుకుంటారు, నాట్లకు పోతారు. షుగర్ ఉన్నవాళ్లకైతే ఆ సూదితో షుగర్ కూడా పెరుగుతుంది.

డెక్సా చెడ్డ మందని అనడం లేదు. 2020లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే మందుల ట్రయల్‌లో వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను మూడో వంతు దాకా తగ్గించింది ఇదే. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం లాభమేమీ కనిపించలేదు. సంకేతాలు హద్దు మీరి సొంత ఊపిరితిత్తులనే దెబ్బతీస్తున్నప్పుడు వాటిని అణచడం వైద్యం, అవి ఇంకా పని మొదలుపెట్టకముందే నోరు నొక్కడం ఏం వైద్యం? అన్నట్టు, 'ఇమ్యూనిటీ పెంచే' పొడుల ప్రకటనలు మీ పేపర్‌లోనూ వస్తున్నాయి, ఆ కోవిడ్ రోగులకు ఎక్కువైంది ఆ ఇమ్యూనిటీయేనని పక్కన ఒక ముక్క వేస్తే బాగుండు.

డెక్సా షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈ వానాకాలమైనా మెడికల్ షాపుల బిల్లులు చూడాలి. పీహెచ్‌సీలో సాయంత్రం ఒక రెండు గంటలు డాక్టర్ కూర్చుంటే సగం మంది ఆర్‌ఎంపీ దాకా పోరు. జ్వరాల సర్వేకు ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలు 'ఎన్ని రోజుల నుంచి జ్వరం' అని అడుగుతూనే 'సూది వేయించుకున్నారా, ఏం సూది' అని కూడా రాసుకోవాలి.

— ఒక పాఠకుడు, పరకాల, హనుమకొండ జిల్లా