స్కార్ఫ్‌తో ఆడొచ్చో లేదో ముందే చెప్పండి

సంపాదకుల వారికి,

స్కూలు ఆటల పోటీలు దగ్గర పడ్డాయంటే మా మహబూబ్‌నగర్ వైపు పీఈటీలకు ఒక టెన్షన్ పట్టుకుంటుంది. ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు, తలకు స్కార్ఫ్‌తో వచ్చిన అమ్మాయిని గ్రౌండ్‌లోకి దిగనిస్తారా లేదా అన్నది ఆ రోజు విజిల్ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక సారు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. ఇంకో సారు "ఇది డ్రెస్సు కాదు" అంటాడు. నిరుడు మా ఖోఖో జట్టులోని ఒక పిల్లను ఇట్లాగే ఆఖరి నిమిషంలో పక్కన కూర్చోబెట్టారు. ఏ రూలు ప్రకారం అని అడిగితే చూపించడానికి కాగితమే లేదు. ఆ పిల్ల మళ్లీ ప్రాక్టీసుకు రాలేదు. వాళ్ల అబ్బాకు ఏమని నచ్చజెప్పాలో నాకు తెలియలేదు.

ప్రపంచ స్థాయిలో ఈ పంచాయితీ ఎప్పుడో తెగింది. 2011లో తలకు గుడ్డ కట్టుకున్నారని ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టును ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడనివ్వలేదు. 2014కల్లా ఫుట్‌బాల్‌లో ఆ నిషేధం పోయింది. 2014 ఆసియా క్రీడల్లో స్కార్ఫ్ తీయమన్నందుకు ఖతార్ బాస్కెట్‌బాల్ అమ్మాయిలు ఆడకుండానే వెళ్లిపోయారు, 2017లో ఆ ఆటలోనూ రూలు మారింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబ్‌తోనే ఫెన్సింగ్ చేసి అమెరికా జట్టుతో కలిసి కాంస్యం గెలిచింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తన క్రీడాకారిణులకు హిజాబ్ వద్దంది గానీ, బయటి దేశాల వాళ్లకు ఆ అడ్డు లేదు. ఇక పరుగు పందేల సంగతంటారా, అంతర్జాతీయ నిబంధనల్లో బట్టలు శుభ్రంగా, అభ్యంతరం లేకుండా ఉండాలనే ఉంది. మోకాళ్లు కనిపించాలని ఎక్కడా లేదు. అంత దూరం తెగిన పంచాయితీ మా మండల గ్రౌండ్ దగ్గర ఎందుకు ఆగిందో అర్థం కాదు.

సేఫ్టీ అనే మాటను మాత్రం నేను కొట్టిపారేయను. గుండుసూదులు, పిన్నులు పెట్టి చుట్టిన స్కార్ఫ్ కబడ్డీలో నిజంగానే ప్రమాదం. పట్టు పట్టేటప్పుడు అవతలి పిల్లకు గుచ్చుకోవచ్చు, వేలాడే కొంగు మెడకు బిగుసుకోవచ్చు. దానికి మందు స్కార్ఫ్ తీయించడం కాదు. టీషర్టు బట్టతో తల మీదినుంచి తొడుక్కునేలా టోపీలాంటిది కుడితే పిన్ను అవసరమే ఉండదు. పెద్ద కంపెనీలు ఇలాంటిది వేల రూపాయలకు అమ్ముతున్నాయి, మన దర్జీలు మిగిలిన ముక్కలతో కుట్టి ఇస్తారు. నల్ల నైలాన్ మాత్రం వద్దు. పాలమూరు ఎండలో అది వేసుకుని పరిగెత్తమంటే శిక్షే.

ఇది ఒక్క ముస్లిం పిల్లల గోస కూడా కాదు. నిక్కరు వేయాలంటే తండాల నుంచి వచ్చే పిల్లలు, ఊళ్ల నుంచి వచ్చే మిగతా పిల్లలూ సిగ్గుపడి పేరే ఇవ్వరు. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలు బికినీ బదులు షార్ట్స్ వేసుకున్నారని జరిమానా వేశారు, గోల అయ్యాక ఆ రూలే మార్చుకున్నారు. ఆడపిల్ల ఒంటి మీద ఎంత బట్ట ఉండాలో లెక్క కట్టే పని నిర్వాహకులకు ఎందుకు?

మా పెద్దవాళ్లకూ ఒక మాట. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాక అందరం దండలు వేశాం. అంతకు ముందు ఆమె షార్ట్స్ గురించి మాట్లాడిన నోళ్లు మనవాళ్లవే. అట్లాగని ఆమెను చూపించి "నువ్వూ స్కార్ఫ్ తీసెయ్" అని ఇంకో పిల్లను ఒత్తిడి చేయడమూ సరికాదు. నిఖత్ ఎట్లా ఆడాలో నిఖత్ తేల్చుకుంది. మిగతా పిల్లలకూ ఆ వీలు ఇస్తే చాలు.

జిల్లా విద్యాశాఖ, క్రీడల శాఖ కలిసి ఈసారి పోటీల సర్క్యులర్‌లోనే రెండు లైన్లు రాయాలి: జట్టు రంగులో ఉంటే ఫుల్ హ్యాండ్స్, లెగ్గింగ్స్ వేసుకోవచ్చని, పిన్నులు లేకుండా బిగుతుగా ఉండే స్కార్ఫ్‌కు అనుమతి ఉందని. దానితోపాటు గ్రౌండ్‌లో అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి తలుపు, గొళ్లెం ఉన్న గది ఒకటి చూపించాలి. ఇప్పుడు చాలా చోట్ల పిల్లలు ఒకరి చుట్టూ ఒకరు చున్నీలు పట్టుకుని నిలబడి మార్చుకుంటున్నారు.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్