చిన్నోని రగ్బీ ముచ్చట

నర్సిమ్మా,

ఎట్లున్నవ్ రా? పత్తి మొలిసిందా? చిన్నోడు కబడ్డీ ఇడిసి రగ్బీల వడ్తా అంటున్నడని, చెల్లె రంది పెట్టుకున్నదని రాసినవ్. రంది అక్కెర లేదు గానీ, లోపలి సంగతి తెలుసుకొని దిగుండ్రి.

పదిహేను మంది ఆడే రగ్బీల నెలజీతం దొరికేది ఫ్రాన్స్, ఇంగ్లండ్, జపాన్, న్యూజిలాండ్ దిక్కు. 1995 ఆగస్టు దాక ఆడ గూడ ఆడినందుకు పైసలు తీసుకోనియ్యలే. మన పిలగాండ్లకు తొవ్వ సెవెన్స్‌తోనే. సెవెన్స్ అంటె దిక్కుకు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు సగాలు. 2016 నుంచి ఒలింపిక్స్‌ల ఉన్నది. 2025ల ముంబైల రగ్బీ ప్రీమియర్ లీగ్ పెడితే హైదరాబాద్ హీరోస్ గూడ ఆడింది. ముందుగాల సెవెన్సే నేర్పియ్యి.

కబడ్డీ పిలగాండ్లకు పట్టు మంచిగుంటది, తిప్పల గూడ దాంతోనే. మనం పట్టినమంటే కూత ఆగేదాక ఇడువం గద! రగ్బీల బాల్ ఉన్నోడు కింద పడంగనే ఇడిసిపెట్టాలె, లేకుంటే పెనాల్టీ. చెయ్యి మెడ మీదికి పోతే కార్డు గూడ పడొచ్చు. సెవెన్స్‌ల పసుపు కార్డంటే రెండు నిమిషాలు బయట. ఆరుగురితోని అంత పెద్ద గ్రౌండు కాయాలంటే ఐదు పాయింట్ల ట్రై (అవతలోడు మన గీత దాటి బాల్‌ను నేలకు ఆనిచ్చుడు) ఇచ్చుకున్నట్టే.

అన్నిటికన్న ముఖ్యం తలకాయ. కాళ్లకు పడేటప్పుడు మనోళ్లు తలను అవతలోని మోకాళ్ల ముందర పెడ్తరు. ఉరికొచ్చేటోని మోకాలు తగిలేది సక్కగ ఆడనే. తల ఎన్నడూ వాని పిర్రల దిక్కే ఉండాలె: చెంప పిర్రకు ఆనాలె, భుజం తొడకు కొట్టాలె, రెండు చేతులు చుట్టి బిగియ్యాలె, కాళ్లు ఆగొద్దు. కుడి భుజంతోని ఎంత చేస్తె ఎడమతోని గూడ అంత చేపియ్యి. చాతకాని దిక్కే తల తప్పు జాగల వడ్తది. మొదలు ఇద్దర్ని మోకాళ్ల మీద నిలబెట్టి, తర్వాత నడుసుకుంట, ఆఖరుకు ఉరుకుడు. ఎండకాలం గట్టి నేల మీద మాత్రం వద్దు, కాలర్‌బోన్ పోతది. మెత్తగ తవ్విన కబడ్డీ కోర్టు నయం.

రోజూ గుద్దుకుంటెనే గట్టిపడ్తడని ఎవడన్న కోచ్ అంటె వాని దగ్గరికి పంపకు. పెద్ద ప్రొఫెషనల్ టీములకే వారానికి పూర్తి టాకిల్ (గుద్ది పట్టి పడేసుడు) ప్రాక్టీస్ 15 నిమిషాలు దాటొద్దని రగ్బీని నడిపే ప్రపంచ సంఘం వరల్డ్ రగ్బీ 2021ల చెప్పింది. పెద్ద మ్యాచ్‌లల్ల తలకు దెబ్బ అనుమానమైతే 12 నిమిషాలు బయటికి తీసి పరీక్ష చేస్తరు. ఆ పరీక్షల తప్పితే ఆ మ్యాచ్‌ల మళ్ల అడుగుపెట్టనియ్యరు. మన ఊర్ల టోర్నమెంట్లల్ల అట్ల పరీక్ష చేసే డాక్టర్ ఉండడు, గనుక అనుమానమొస్తే ఆ రోజు ఆట బందే. తల దెబ్బలు ఎంత పని చేస్తయంటె, 2003 వరల్డ్ కప్ గెలిచిన ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ థాంప్సన్‌కు ఆ గెలుపు యాదిలనే లేదు.

ఇగ పైసల సంగతి. కాంట్రాక్టు రెండు మూడేండ్లదే ఉంటది, ముప్పై దాటినంక అది గూడ కష్టం. దెబ్బ తగిలితే జీతం ఎన్ని నెలలు ఇస్తరో, ఆపరేషన్ ఖర్చు ఎవరిదో కాగితం మీద చూసినంకనే సంతకం. క్లబ్బే మునిగితే అదీ లేదు: 2022ల ఇంగ్లండ్‌ల వూస్టర్, వాస్ప్స్ దివాలా తీసినయి, ఏడాది తిరగకముందే లండన్ ఐరిష్ గూడ. అందుకే ఎన్జీ కాలేజీల డిగ్రీ ఇడువనియ్యకు.

వాని ఎత్తు, బరువు, వంద మీటర్లు ఎన్ని సెకండ్లల్ల ఉరుకుతడో రాయి. ఏ జాగల ఆడాల్నో అవి చూసి చెప్త. చెల్లెను అడిగిన్నని చెప్పు.

నీ,
మల్లేశం