బెండ ఎత్తు కాదు, కణుపులు చూడాలి

అయ్యా,

బెండ విత్తనం అమ్మేవారు మొక్క ఏపు గురించే చెబుతారు. కానీ బెండ కాసేది ఆకు పంగల్లో, కణుపుకు ఒక కాయ చొప్పున. మొన్న మా మడిలో రెండు మొక్కలు కొలిచాను. ఛాతీ ఎత్తు పెరిగినదానికి కణుపుల మధ్య ఆరు వేళ్ల ఎడం. నడుము ఎత్తుదానికి మూడు వేళ్లే, కాయలు దానికే ఎక్కువ! దిగుబడిని నిర్ణయించేది ముఖ్యంగా మొక్కకు ఎన్ని కాయలు, ఒక్కో కాయ బరువు ఎంత అన్నదే. కింది కణుపుల్లోనే పూత మొదలైతే కోతలూ త్వరగా అందుతాయి. అయితే తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులును తట్టుకోలేని రకానికి ఎన్ని కణుపులుండీ ఫలితం లేదు. కాబట్టి తొలి పూత కణుపు, కణుపుల ఎడం, సగటు కాయ బరువు, తెగులు నిరోధకత ప్రతి విత్తన ప్యాకెట్ మీదా తెలుగులో ముద్రించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కూరగాయల రైతు