శీనూ, ఫేజు దొరికింది

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎట్టుండావు? చెరువులో రొయ్య ఎంత కౌంటుకొచ్చింది? నేను ఊరొచ్చి మూడు రోజులైంది. ఇంక ఆగలేక రాస్తున్నా. రెండేళ్లుగా నాకు నిద్ర లేకుండా చేసిన ఫేజు, అదే మా లాబ్ ప్రోటీన్ ఆకారం తెలీకుండా అడ్డుపడ్డ లెక్క, దొరికింది రా!

పోయిన సంక్రాంతికి నువ్వడిగావు, "స్ఫటికాలొచ్చాయంటావు, ఎక్స్-రే తీశామంటావు, ప్రోటీన్ ఆకారం మాత్రం ఇంకా తెలీదంటావేందిరా?" అని. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. నిన్న తుమ్మలపెంటలో అలివి వల లాగుతుంటే చూస్తూ నిలబడ్డా. అప్పుడు తట్టింది.

తాడు పట్టిన ఒక్కొక్కరూ ఎంత బలంగా లాగారో రాసుకున్నావనుకో. ఎవరు ఏ క్షణంలో లాగారో మాత్రం రాసుకోలేదు. అందరూ ఒక్క ఊపున లాగితే వల కదులుతుంది, తలో క్షణంలో లాగితే కదలదు. ఉత్త బలాల లెక్క చూసి వల ఎంత జరిగిందో చెప్పలేవు కదా. ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్-రే వేస్తే దాన్నుంచి వచ్చే తరంగాలూ అంతే. డిటెక్టర్ మీద పడిన చుక్క ఎంత వెలుగుగా ఉందో, అంటే తరంగం ఎంత బలమైనదో తెలుస్తుంది. దాని శిఖరం ఎప్పుడొచ్చిందో, అంటే ఫేజు, తెలీదు. ఆకారం ఎక్కువగా ఉండేదేమో ఆ ఫేజులోనే. ఒక ప్రోటీన్ బలాలకు ఇంకో ప్రోటీన్ ఫేజులు కలిపి లెక్కేస్తే, కనపడేది ఫేజులిచ్చిన దాని బొమ్మే.

చిన్న అణువులకైతే ఫేజుల్ని గణితంతోనే రాబట్టొచ్చు. హాప్ట్‌మన్, కార్ల్‌లకు 1985లో నోబెల్ వచ్చింది అందుకే. వేల పరమాణువులున్న ప్రోటీన్‌కి ఆ దారి సరిపోదు. కేంబ్రిడ్జిలో మాక్స్ పెరుట్జ్ 1937లో హిమోగ్లోబిన్ మీద పని మొదలుపెడితే, ఫేజుకి దారి దొరికింది 1953లో. పదహారేళ్లు రా! ఆ ఓపిక తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. హిమోగ్లోబిన్‌కి పాదరసం తగిలించి, తగిలించకముందు చుక్కలతో పోల్చాడాయన. వేల పరమాణువుల్లో ఒకటో రెండో పాదరసాలు ఏం కనపడతాయి అంటావేమో. మిగతావాళ్లు వేలమంది ఉన్నా తలో క్షణంలో లాగేవాళ్లే. పాదరసంలో 80 ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండి ఒకే ఊపున లాగుతాయి. అందుకే తేడా తెలుస్తుంది.

అయినా ఒక్క లోహంతో పని అయిపోదు. ఒక్కో చుక్కకీ రెండు ఫేజులు వస్తాయి, ఏది నిజమో తేలదు. దానికి 1956లో దారి చూపించింది మన పక్కనున్న మద్రాసులోనే తెలుసా! జి.ఎన్. రామచంద్రన్, ఎస్. రామన్. బరువైన పరమాణువు ఎక్స్-రే ఫేజుని కాస్త పక్కకు జరుపుతుంది. అందువల్ల సమానంగా ఉండాల్సిన జంట చుక్కల మధ్య చిన్న తేడా వస్తుంది. ఆ తేడా ఆధారంగా అసలు ఫేజుని పట్టుకోవచ్చన్నారు.

ఇక మాది. హిమోగ్లోబిన్ కన్నా చాలా పెద్దది. పాదరసంలో నానబెడితే స్ఫటికాలన్నీ పగిలిపోయాయి. ఒక రాత్రి లాబ్‌లో కూర్చుని ఏడ్చాను. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాం ఊహించిన ఆకారం వాడాం. ముక్కలు సరిగ్గానే ఉన్నాయి గానీ, ముక్కకీ ముక్కకీ మధ్య మలుపు తప్పింది. అన్నీ కలిపి పెడితే ఏదీ కుదరలేదు.

చివరికి టాంటలం బ్రోమైడ్ వాడాం. ఆరు టాంటలం, పన్నెండు బ్రోమిన్ పరమాణువులు కలిసిన ముద్ద అది. టాంటలంవే నాలుగొందల పైచిలుకు ఎలక్ట్రాన్లు! మర్నాడు మైక్రోస్కోప్‌లో చూస్తే గాజులా ఉండే స్ఫటికం ఆకుపచ్చగా మారి ఉంది. ఒక్క పగులూ లేదు. గుండె దడదడలాడింది.

ఊరికి రాకముందు ఒక రాత్రి రెండింటికి 6 ఆంగ్‌స్ట్రాముల మ్యాప్, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కడ చిక్కగా ఉన్నాయో చూపే కాస్త మసక బొమ్మ, తెర మీదికొచ్చింది. ఒక పక్క ఖాళీగా నీళ్లు, ఇంకో పక్క చిక్కగా ప్రోటీన్, మధ్యలో స్పష్టమైన గట్టు, నీ చెరువు గట్టులాగే. లోపల హెలిక్సులు, అంటే ప్రోటీన్‌లో స్ప్రింగులా మెలి తిరిగిన భాగాలు, పొడుగాటి కడ్డీల్లా నిలబడి ఉన్నాయి. ఆల్ఫాఫోల్డ్ ముక్కల్ని ఒక్కొక్కటీ ఆ కడ్డీల మీద పెడితే కూర్చున్నాయి.

ప్రింటు దీంతో పెడుతున్నా. ఎడమ పక్క కింది మూల నుంచి చూడు, ఏడు కడ్డీలు వరసగా కనపడతాయి. మొదట కనపడినవి అవే. బుధవారం దాకా ఇక్కడే ఉంటా. పట్టుబడి ఈ లోపే అయితే కబురు పెట్టు, నేనూ వచ్చి వల పడతా.

నీ
రఘు